గెడ్డ దాటే కాయ

డుంబ్రిగుడ సంతలో నా పక్క జాగాలో ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్మే ఆయన కూర్చుంటున్నాడు. మంచివాడే. వస్తూనే పలకరిస్తాడు. ఎండ వస్తే తన గొడుగు నా వైపు వంచుతాడు. అన్నిటికంటే ముఖ్యం, అతని సరుకు నా చీరలకి అంటుకోదు. ఇన్నేళ్ళూ నేను దేవుణ్ణి కోరుకున్న పొరుగు సరిగ్గా ఇలాంటిదే. అయినా అతన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతోంది. ఆ జాగా అంటుకాయల తాతది.

తాత మొన్న చలి మొదలైన రోజుల్లో పోయాడు. ఆయన అసలు పేరేమిటో నాకు తెలీదు. రేషను కార్డులో ఒకటి ఉండే ఉంటుంది. సంతలో అందరూ అంటుకాయల తాత అనేవారు, ఆయనా దానికే పలికేవాడు.

నేను అరకు నుంచి చీరలు, నైటీలు, లుంగీలు మూటలు కట్టుకుని సంతలు తిరిగే మనిషిని. మొదటిసారి అక్కడ టార్పాలిన్ పరిచి జార్జెట్ చీరలు విప్పుతుంటే, పక్కన ముళ్ళపంది లాంటిదేదో కూర్చుని చుట్ట కాలుస్తోంది. పరీక్షగా చూస్తే మనిషి. ఒంటి మీద ఆకుపచ్చ ఊలు స్వెట్టరు, దాని నిండా మరులమాతంగి కాయలు. చిన్న ఈతకాయంత ఉంటుంది ఆ కాయ, ఒళ్ళంతా సన్నటి కొక్కేలే. గుడ్డకి తగిలిందంటే వదలదు; కోరుకున్న మనిషి కూడా అలాగే వదలకుండా ఉండాలని కొనుక్కునేవారు. ఆ స్వెట్టరే ఆయన దుకాణం. ఛాతీ మీదవి కొత్త సరుకు, వీపు మీదవి పాతవి. కొనేవాళ్ళు ఆయన చుట్టూ తిరిగి చూసి ఎంచుకునేవారు. వీపు వైపు కొంచెం చౌక.

మిగతా సరుకు కాళ్ళ ముందు గోనె మీద ఉండేది. తేలు కొండిలా వంగిన రెండు నల్ల కొక్కేలున్న తేలుకొండి కాయలు గుమ్మానికి కట్టుకోవడానికి. గచ్చకాయలు పిల్లల మొలతాడుకి. చెయ్యంత పొడుగున్న గిల్లకాయ మంచం కింద పెట్టుకోవడానికి. అది అక్కడుంటే మోకాళ్ళ నొప్పి మంచం కిందే ఉండిపోతుందట, పైకి ఎక్కలేదట. విశాఖపట్నం నుంచి కార్లలో వచ్చేవాళ్ళు ఆ గిల్లకాయని గోడకి తగిలించుకోవడానికి కొనుక్కునేవారు.

"గోడకి మోకాలి నొప్పేటి సావుకారమ్మా?" అని వాళ్ళు వెళ్ళాక తాత నన్ను అడిగేవాడు. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగేవాడు.

కాయ పని చెయ్యకపోతే వాపసు తీసుకునేవాడు. తీసుకుని ఇంకో కాయ ఇచ్చేవాడు. ఒకసారి ఒక మేకల కాపరి, గుమ్మానికి తేలుకొండి కాయ కట్టినా తనని తేలు కుట్టిందని వాచిన కాలు చూపించడానికి కుంటుకుంటూ వచ్చాడు. తాత ఆ కాలుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎక్కడ కుట్టినాది?"

"పెరట్లో."

"కాయెక్కడ కట్టినావు?"

"గుమ్మానికి."

"మరి! తేలు గుమ్మం దాటినాదేటి? నేదు. కాయ దాని పని అది సేసినాది. పెరటికి ఇంకోటి అట్టుకెల్లు."

ఆ మనిషి తల గోక్కుని, ఇంకోటి కొనుక్కుని వెళ్ళాడు. వాచిన కాలుతో కూడా సంతోషంగానే వెళ్ళాడు, అదీ నాకు అర్థం కానిది.

మరులమాతంగి కాయని మాత్రం తాత ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. దగ్గరికి రమ్మని, బొటనవేలి మీద పెట్టి చిటికేసినట్టు చొక్కా మీదకి విసిరేవాడు. అంటుకుంటే అమ్మకం. జారిపడితే "నీకు పడదు, ఎల్లు" అనేవాడు. ఎంత బతిమాలినా రెండోసారి విసిరేవాడు కాదు. ఇలాంటి వ్యాపారం నేను ఎక్కడా చూడలేదు. నేనైతే జారిపడ్డ చీరని కూడా దులిపి అంటగట్టేదాన్ని.

ఆయన సరుక్కీ నా జార్జెట్‌కీ పాముకీ ముంగిసకీ ఉన్నంత స్నేహం. ఒక్క కాయ తగిలి, తొందరపడి లాగితే పోగు లేచి వచ్చేస్తుంది. పోగు లేచిన చీర ఎవరికి అమ్మను? "తాతా, అటు జరుగు" అంటే జరిగేవాడు, ఒక బెత్తెడు. గాలి వీస్తే మళ్ళీ మామూలే.

"నేనేటి సేసినానమ్మా? కాయకి నీ కోక నచ్చినాది. నచ్చకపోతే అంటుకోదు" అనేవాడు.

ఒకసారి విసిగిపోయి జాగా మార్చేశాను. అక్కడ పక్కన ఎండుచేపలు. కొన్నాళ్ళకి నా చీరలు విప్పితే సంతలోని కుక్కలన్నీ వచ్చి చుట్టూ కూర్చోవడం మొదలుపెట్టాయి. సిగ్గు విడిచి మళ్ళీ తాత పక్కకే వచ్చాను. నేను లేనన్నాళ్ళూ నా జాగాలో ఒక గిల్లకాయ అడ్డంగా పెట్టి, ఎవరినీ కూర్చోనివ్వకుండా కాపలా కాశాడని తర్వాత తెలిసింది.

ఇక అసలు సంగతి. మనుషుల్ని మనుషులకి అంటించే సరుకు అమ్మే ఈ మనిషి దగ్గర పెళ్ళాం నిలవలేదు. నేను సంతలకి రావడం మొదలుపెట్టక ముందే ఆయన్ని వదిలేసి, గెడ్డ అవతల, వాగు దాటి వెళ్ళాల్సిన అన్న ఊరికి వెళ్ళిపోయింది. వెళ్ళిపోయిన మనిషి కంటికి కనపడకుండా ఉంటుందా అంటే, లేదు. ప్రతి సంతకీ పసుపు కొమ్ముల బుట్టతో వచ్చి, దారికి అవతల సరిగ్గా ఆయనకి ఎదురుగా కూర్చునేది. చిన్నగా, గట్టిగా ఉండేది. కొండమీది ఆడవాళ్ళు కట్టినట్టు మోకాలి పైకి చీర, భుజం మీద ముడి. ఆయన వైపు చూసేది కాదు. చూడకపోవడం కోసమే అంత ఎదురుగా కూర్చునేదేమో అనిపించేది.

ఎందుకు వదిలేశావు మామ్మా అని ఒకసారి అడిగాను.

"బొంతలో కాయలు దాసీవోడమ్మా. సలికి ఎండవు, మనిసి ఎచ్చదనానికైతే బేగి ఎండుతాయని. ఇటు తిరిగితే పల్లేరు, అటు తిరిగితే మరులమాతంగి. కాయలన్నా తియ్యి, నన్నన్నా పంపీ అన్నాను. ఆలోసించి సెప్తానన్నాడు."

"ఏం చెప్పాడు?"

"ఇంకా ఆలోసిత్తన్నాడు."

ఈ మాట నేను తాతకి చేరవేస్తే, ఆయన చాలాసేపు చుట్ట పీల్చి, "కాయలకి ఇంకో సోటు నేదమ్మా" అన్నాడు. మనిషిలో మార్పు లేదు. కానీ ఆవిడ తిరిగి రావాలి. ఆ ఒక్క కోరిక మీదే ఆయన బతుకు నడిచింది. ఇల్లు తుడిచి ఉంచేవాడట, ఆవిడ పీట ఆవిడ పెట్టిన చోటే ఉంచేవాడట. దానికి ఆయన దగ్గర ఒక పద్ధతి ఉంది. అది నాకు చాలా గంభీరంగా చెప్పాడు.

"నా సేత్తో ఇసిరిన కాయ దాని కోకకి అంటుకోవాల. దారిలో రాలకూడదు. గెడ్డ దాటాల. ఇంటికెల్లినాక అది తన సేత్తో తనే తియ్యాల. అప్పుడింక అది నాదే. ఎవులూ ఆపలేరు."

"మధ్యలో వేరేవాళ్ళు తీసేస్తే?"

"పోనాది. మల్లీ ఇసరాల."

"ఆవిడకి తెలుసా ఇదంతా?"

"తెల్దేటి? మా పెళ్ళే అలగయినాది."

అందుకని ప్రతి సంతలోనూ ఒక నాటకం జరిగేది. పొద్దు వాలుతుంటే ఆవిడ పసుపు సర్దుకుని బుట్ట ఎత్తుకునేది. తాత పొగాకు కోసం వెళ్తున్నట్టు లేచి, ఆవిడ వెనక నుంచి నడుస్తూ ఒక్కో కాయా చిటికేసి విసిరేవాడు. గురి తప్పడం నేను చూడలేదు. ఆవిడ తిరిగి చూసేది కాదు. తిన్నగా నా దగ్గరికి వచ్చి వీపు తిప్పి నిలబడేది.

"సావుకారమ్మా, ఎనక సూడు."

నేను కాయలు ఏరేదాన్ని. అవతల తాత మొహం చూడలేకపోయేదాన్ని. రైలు తప్పిపోయిన మనిషి అలాగే నిలబడతాడు. కొన్నాళ్ళకి నా దగ్గరికి వచ్చి గొణిగాడు: "అన్నీ తియ్యాలేటమ్మా? ఒక్కటొగ్గీ."

నాకెందుకీ మొగుడూ పెళ్ళాల గోల అన్నాను. అన్నాను గానీ, మరుసటి సంత నుంచి ఒక్కటి వదిలేసేదాన్ని, భుజం ముడి కింద, చెయ్యి అందని చోట. "ఇంకేం లేవు మామ్మా, వెళ్ళు" అనేదాన్ని. ఆవిడ సరేనని వెళ్ళిపోయేది. ఆవిడ మలుపు తిరిగేదాకా చూసి తాత, "ఈపాలి దాటుతాది" అనేవాడు. వచ్చే సంతకి ఆవిడ మళ్ళీ దారికి అవతలే కూర్చునేది. "దారిలో రాలిపోనాది కామాల" అనేవాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పద్ధతి తప్పేమో అన్న అనుమానం ఆయనకి రాలేదు. కాయ రాలిపోయింది, అంతే.

ఒక చలికాలం చిరుధాన్యాల ప్రచారానికని ఒక ఆఫీసరు మేడం సంతకి వచ్చింది. ఊలు శాలువా కప్పుకుని, వెనక ఫోటోలు తీసేవాళ్ళతో వచ్చి, మామ్మ పసుపు బుట్ట దగ్గర ఆగి మాట్లాడింది. తాత విసరడమూ, మేడం వంగడమూ ఒకేసారి జరిగాయి. కాయ వెళ్ళి శాలువాకి అంటుకుంది. మేడం చూసుకోలేదు. జీపెక్కి వెళ్ళిపోయింది.

తాత నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎల్లిపోనాదమ్మా."

"పోతే పోయింది తాతా, ఒక్క కాయేగా."

"అది కాదు. ఆ మేడం ఇంటికెల్లి తన సేత్తో తీసుకుంటే?"

అప్పుడు నాకు వెలిగింది. సంతంతా వెలిగింది. జీపులో వంతెన మీంచి పోతే గెడ్డ దాటినట్టా కాదా అని పెద్ద పంచాయితీ జరిగింది. కుండలమ్మే ఆయన కాళ్ళు తడవాల్సిందేనన్నాడు. "ఆవిడకి డ్రైవరున్నాడు, కాల్లెందుకు తడుపుకుంటాది?" అని ఎండుచేపలావిడ కొట్టిపారేసింది. దాటినట్టే అని తేల్చారు. తాత గోనె మీద కూలబడిపోయాడు.

వచ్చే సంతకి ఆయన పక్కన ఒక కొత్త ప్లాస్టిక్ కుర్చీ వెలిసింది.

"ఎవరికి తాతా?"

"ఆవిడొస్తే నేల మీద కూకోబెడతానేటి? నా భయం నాదమ్మా. ఇంట్లో గ్యాసు నేదు. లైటొకటే. ఆవిడకి ఎవులొండుతారు?"

"ఆవిడకి మొగుడుంటాడు తాతా!"

తాత ఆలోచించాడు. "పాపం. ఆడికేటి సెప్పాల?"

అప్పుడే దారి అవతల నుంచి మామ్మ గొంతు వినిపించింది. నా ఎరుకలో ఆవిడ ఆయనతో మాట్లాడిన మొదటి మాట అది.

"కుర్సీ ఎవులికంట?"

తాత కుర్చీని గోనె వెనక్కి లాక్కున్నాడు.

"నాను కాపరానికొచ్చినప్పుడు పీట కూడా నేదు" అని, ఆవిడ పసుపు కొమ్ముల వైపు తిరిగిపోయింది.

కొన్ని సంతల తర్వాత నిజంగానే జీపు మళ్ళీ వచ్చి ఆగింది. మేడం దిగడం తాత చూశాడు. ఎటు పరిగెత్తాలో తెలీక, ఆ స్వెట్టరుతో, దాని నిండా ఉన్న కాయలతో, నేరుగా నా జార్జెట్ చీరల కుప్పలో దూరిపోయాడు. నేను కెవ్వుమనే లోపల మేడం మా ముందు ఉంది.

"ఇక్కడ కాయలమ్మే ఆయన ఉండాలే? మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. గిల్లకాయేదో పెడితే తగ్గుతుందన్నారు."

"లేరండీ. ఊరెళ్ళారు" అన్నాను. కుప్ప కదులుతోంది. దాని మీద చెయ్యి వేసి నొక్కాను. చెయ్యంతా గుచ్చుకుంది.

"అబ్బ, ఎండ" అని మేడం ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. "కుర్చీ బాగుందే."

చీరల లోపలి నుంచి ఒక మూలుగు వచ్చింది. అంతే, దారి అవతల మామ్మ నవ్వడం మొదలుపెట్టింది. కడుపు పట్టుకుని, పసుపు బుట్ట మీద పడిపోయి, కొమ్ములన్నీ దారిలో దొర్లిపోతుంటే ఏరకుండా నవ్వింది. మేడం ఆవిడ వైపు చూసి, ఏమీ అర్థంకాక తనూ నవ్వి, ఒక గిల్లకాయ తీసుకుని వెళ్ళిపోయింది.

తాత బయటికి వచ్చాడు. ఒంటి మీద నా చీరలన్నీ ఉన్నాయి. మామిడిపండు రంగుది ఒకటి, నెమలికంఠం రంగుది ఒకటి, తల మీంచి జారుతూ. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఒక్కో కాయా విప్పుతూ, లేచిన ప్రతి పోగుకీ ఆయన వంశాన్నంతా తలుచుకున్నాను. ఆయన చేతులు చాపి, దర్జీకి కొలతలిచ్చే మనిషిలా కదలకుండా నిలబడ్డాడు.

"ఆవిడకి అత్తగారున్నాది. అయితే రాదులే" అన్నాడు. కాసేపాగి, "నవ్వింది అదేనా?" అన్నాడు.

"మీ ఆవిడే."

"నన్ను సూసేనా?"

"ఇంకెవర్ని చూసి నవ్వుతారు తాతా నా ప్రాణానికి!"

"పోనీలే అమ్మా" అన్నాడు, నా సరుకంతా నాశనం చేసి. కొట్టబోయాను. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్నాడు. చెయ్యి దించేశాను.

అంతకంటే దగ్గరికి వాళ్ళిద్దరూ ఎప్పుడూ రాలేదు. మొన్న జ్వరమొచ్చి, ఆస్పత్రికి తీసుకెళ్దామని ఊరివాళ్ళు జీపు తెచ్చేలోపల తాత పోయాడు. ఆ సంతకి మామ్మ రాలేదు. దినం దగ్గర పడుతుంటే తాత ఊరివాళ్ళు నా దగ్గరికి వచ్చారు. పెళ్ళాం వచ్చి ఆ ఇంట్లో కూర్చుంటే సంసారం ఉన్న మనిషికి చేసినట్టు చేస్తారట. రాకపోతే దిక్కులేనివాడికి చేసినట్టు చేసి ముగించేస్తారట. విడిచి వెళ్ళిన మనిషిని వాళ్ళు పిలవకూడదు, పిలవకుండా ఆవిడ రాకూడదు.

"నువ్వెల్లమ్మా" అంది ఎండుచేపలావిడ. "ఈపు సూపించింది నీకే గదా."

తాత దిక్కులేనివాడిగా పోవడం నేను ఒప్పుకోలేకపోయాను. అంత శ్రద్ధగా ఒక మనిషి కోసం నిలబడ్డవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు. గెడ్డ దాటి, రాగిచేల గట్టు మీంచి ఆవిడ అన్న ఊరికి వెళ్ళాను.

ఇల్లు ఎవరూ చూపించక్కర్లేకపోయింది. మిగతా ఇళ్ళ పెరళ్ళలో చిక్కుళ్ళు, గుమ్మడి పాదులు. ఆ ఒక్క ఇంటి పెరడు మాత్రం మరులమాతంగి అడవి. ఛాతీ ఎత్తు మొక్కలు, కొమ్మ కొమ్మకీ ఎండిన కాయల గుత్తులు. గుమ్మానికి వెళ్ళడానికి మనిషి పట్టేంత బాట ఒకటే ఉంది. అరుగు మీద ముసలి అన్న కత్తి పట్టుకుని కూర్చున్నాడు.

"ఎంత కోసినా లేత్తాదమ్మా ఈ దరిద్రం" అని నన్ను చూడగానే మొరపెట్టుకున్నాడు. "సంత సంతకీ వొచ్చి ఇక్కడే కూకుంటాది. ఈపు మీంచి ఒక కాయ తీస్తాది, పెరట్లో ఇసుర్తాది. కంచె అవతల పడీవే అంటే ఇనదు. మా మేకల బొచ్చు సూడు. సిగ్గేసి మందలోకి పోవు."

నేను ఆ మొక్కల్ని చూస్తూ ఉండిపోయాను. మామ్మ లోపలి నుంచి వచ్చి నా పక్కన నిలబడింది.

"నువ్వొగ్గీసిన కాయ నాకు తెల్దనుకున్నావా సావుకారమ్మా?"

"తెలిస్తే మరి నాకు వీపెందుకు చూపించేదానివి?"

"ఆడు సూడాల గదా. ఏరీసినారని తెలిస్తేనే మల్లీ ఇసుర్తాడు."

"నీ చేత్తో నువ్వే తీశావు. ఆయన లెక్క ప్రకారం నువ్వు ఎప్పుడో వెళ్ళిపోవాలి!"

"ఎల్తే ఏటౌతాది? ఆ బొంతలో ముల్ల మజ్జిన తొంగోవాల. ఆడు కాయలయేపు సూత్తాడు గానీ నాయేపు సూడడు. ఇక్కడుంటే సంత సంతకీ నా ఎనకాల వొచ్చీవోడు."

నాకు కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. "ఒక్కసారి ఈ మాట ఆయనకి చెప్పి ఉంటే ఏం పోయేది మామ్మా? తాత ఎంత..." అన్నాను.

"సెప్దామనే అనుకునీదాన్ని" అంది ఆవిడ. "వొచ్చే సంతకి సెప్దాం, వొచ్చే సంతకి సెప్దాం అని."

అన్న కత్తితో నేల గీస్తూ కూర్చున్నాడు. చివరికి నేనే అడిగాను: "దినానికి వస్తావా?"

ఆవిడ అరుగు దిగింది. బాట మీద నేను ముందు నడిచాను. వెనక గలగల చప్పుడైతే తిరిగి చూశాను. ఆవిడ బాట వదిలేసి మొక్కల్లోకి నడుస్తోంది. తప్పించుకుంటూ కాదు, ఒత్తుగా ఉన్న చోటే చూసుకుని. ఒక కొస నుంచి ఇంకో కొసకి వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగి మళ్ళీ నడిచింది. కంచె దగ్గర బయటికి వచ్చేసరికి చీర రంగు కనపడడం లేదు. వీపు, భుజం, ముడి, జుట్టు, అన్నీ కాయలే. అలవాటుకొద్దీ నా చెయ్యి ఆవిడ భుజం మీదకి వెళ్ళింది.

"ముట్టకు" అంది మామ్మ. "ఆడింటికెల్లినాక నానే తీసుకుంటాను."

గెడ్డలో నీళ్ళు మోకాలి దాకా ఉన్నాయి. ఆవిడ చీర ఇంకొంచెం పైకి దోపుకుని, ఒక్క కాయా రాలకుండా మెల్లగా అడుగులేసుకుంటూ దాటింది.